పన్నెండున్నర అంగుళాలు

"ఏదీ, ఒక్కసారి మోచెయ్యి మడిచి పెట్టు" అన్నాడు మా ఆయన డస్టిన్.

మోచేతుల దాకా పిండి నాకు. రొట్టెలకి పిసుకుతున్నాను. "ఇప్పుడా? కళ్ళు కనిపించడంలేదా?" అంటున్నా వినకుండా, నా కుట్టుమిషను సొరుగులోంచి తెచ్చిన పసుపుపచ్చ టేపు ఒక కొస నా మోచేతి మడతలో పెట్టి, చూపుడువేలి దాకా లాగి చూశాడు. "పన్నెండున్నర" అన్నాడు. చెవి మీది పెన్సిలు తీసి గోడ క్యాలెండర్ మీద జూన్ నెల అంచున రాసుకున్నాడు. టేపుకి అంటిన పిండి ప్యాంటుకి తుడిచాడు. ఆ ప్యాంటు ఉతికేది నేనే, అయినా ఆ రోజు నాకు కోపం రాలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నా కొలత ఆయన తీసుకోవడం అదే మొదటిసారి. పెళ్ళి ఉంగరం కూడా వాళ్ళమ్మ వేలికి పట్టించి చూసి తెచ్చాడు. ఇప్పటికీ వదులే. గిన్నెలు తోమేటప్పుడు తీసి కిటికీలో పెట్టుకుంటాను.

అంతకు వారం ముందే నా పేరుకి ఒక కొండపొట్టేలుని వేటాడే పర్మిట్ తగిలింది. మా మోంటానాలో ఈ మాట చెవిన పడితే చాలు, కిరాణాకొట్లో మనకంటే ముందు నిలబడ్డవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూస్తారు. ఏటా లాటరీ తీస్తారు. వేలమంది అడుగుతారు, ఒక్కో కొండకి గుప్పెడుమందికి వస్తుంది. రాని ఏడాదల్లా పేరు పక్కన ఒక పాయింటు చేరుతుంది, పాయింట్లు పెరిగేకొద్దీ ఆశ పెరుగుతుంది. మా మావగారు బతికున్నన్నాళ్ళూ అడిగారు, ఆయన పేరుకి రానేలేదు. మా అత్త లవర్న్ పేరుకి మాత్రం ఒకసారి వచ్చింది. ఆ పొట్టేలు తల ఇప్పటికీ వాళ్ళ హాల్లో గోడ మీద ఉంది, చుట్టలు తిరిగిన కొమ్ములతో. కింద ఇత్తడి పలక మీద "లవర్న్, 1988" అని ఉంటుంది. కొత్తకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు దాన్నే చూస్తూ నిలబడిపోయాను. ఈవిడ చీమకి కూడా భయపడేట్టుంది, తొమ్మిదివేల అడుగుల కొండెక్కి దీన్ని కొట్టిందా అని. అప్పట్నుంచీ ఆవిడ నన్ను ఎన్ని మాటలన్నా, ఆ పలక గుర్తొచ్చి సగం కోపం దిగిపోయేది.

డస్టిన్ ఏటా తన పేరుతోబాటు నా పేరూ పెట్టేవాడు. "ఉండనీ, ఏదో ఒకరోజు నీకూ తగులుతుంది" అనేవాడు. సరే అనేదాన్ని. ఆ రోజు ఫోనులో ఫలితం చూసి నన్ను ఎత్తి వంటింట్లో గిరగిరా తిప్పాడు. "నీకో తుపాకీ చేస్తాను కెండ్రా! కొన్నది కాదు, చేసింది. కొత్తగా పట్టేవాళ్ళకి బరువుండకూడదు. ఆరు పౌన్లు దాటనివ్వను చూడు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నవ్వుకోండి, పరవాలేదు. నాకోసం ఒక మనిషి గరాజులో కూర్చుని ఏదో చేస్తానన్నాడు, నాకు ఏడుపొచ్చింది.

ఎందుకొచ్చిందో తెలియాలంటే మా ఇంట్లో అక్టోబరు ఎలా ఉంటుందో చెప్పాలి. వేట మగవాళ్ళది. మిగతాదంతా నాది. తెల్లారకముందే లేచి వాళ్ళకి శాండ్‌విచ్‌లు చుట్టాలి, ఫ్లాస్కుల్లో కాఫీ పొయ్యాలి. సాయంత్రం వాళ్ళు దుప్పిని తెచ్చి గరాజులో వేలాడదీసి, బీరు సీసాలు పట్టుకుని దాని చుట్టూ నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. అక్కడితో వాళ్ళ పని సరి. తోలు తీసిన దగ్గర్నుంచి కండ విడదీసి, కొవ్వు గీకి, ముక్కలు కోసి, కీమా పట్టి, తెల్ల కాగితాల్లో చుట్టి, తారీఖు రాసి ఫ్రీజర్లో సర్దేది నేను. రక్తం మరకల బట్టలు చన్నీళ్ళలో నానబెట్టేది నేను. దుప్పి లోపల ఏ ఎముక ఎక్కడ ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను, దాన్ని ప్రాణంతో ఉండగా మాత్రం రోడ్డు దాటుతుంటేనే చూశాను. "మా ఇంటి ఆడవాళ్ళకి కత్తి ఇస్తే చాలు, తుపాకీ ఎందుకు" అని మా అత్త వచ్చినవాళ్ళందరి ముందూ మెచ్చుకుంటున్నట్టు అనేది. "కెండ్రా ఏదీ అడగదు, అదే దాన్లో గొప్పతనం" అని డస్టిన్ స్నేహితులతో అనేవాడు. మొదట్లో నేనూ అది పొగడ్తే అనుకున్నాను.

అడగలేదని కాదు. పెళ్ళయిన మొదటి వసంతంలో నన్ను వేట లైసెన్సు క్లాసులో చేర్పించాడు. మా వయసువాళ్ళకి అది లేకపోతే లైసెన్సు ఇవ్వరు. మా అమ్మాయి బ్రిన్ అప్పుడు మూడోనెల కడుపులో ఉంది. గన్‌పౌడర్ వాసనకి వాంతి వస్తే బయటికెళ్ళి, మూతి తుడుచుకుని, మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. "ఇద్దరం కలిసి వెళ్దాం" అన్నాడు కదా, అందుకని. పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. ఆ ఏడు బ్రిన్ పుట్టింది, తర్వాతి ఏడు దాని చెవిపోటు, ఆ తర్వాత బడి వంటింట్లో నాకు ఉద్యోగం. ఎప్పుడడిగినా "ఈసారి మనవాళ్ళంతా వస్తున్నారు, వచ్చే ఏడు చూద్దాం" అనేవాడు. తర్వాత అడగడం మానేశాను. లైసెన్సు మాత్రం ఏటా గుర్తుపెట్టుకుని ఆయనే కట్టేవాడు. మా ఆయనకి ఎంత శ్రద్ధో అనుకునేదాన్ని. నా అంత వెర్రిబాగులది ఇంకెవరన్నా ఉంటారా?

జులై అంతా గరాజులో దీపం వెలుగుతూనే ఉంది. సన్నటి గొట్టం తెప్పించాడు. నల్లగా, ఈకంత తేలిగ్గా ఉండే మడమ తెప్పించాడు. భుజానికి ఆనించుకునే భాగం అది. దానికి లోపల పక్కగా గీకి, గొట్టాన్ని కూర్చి, గీకి, మళ్ళీ కూర్చి చూసుకునేవాడు. గుండు ఎక్కించే బోల్టుకి కూడా కన్నాలు వేసి బరువు తగ్గించాడు. నేను కాఫీ పట్టుకెళ్తే తక్కెట్లో పెట్టి చూపించేవాడు. "అయిదు పౌన్ల పద్నాలుగు ఔన్సులు! చూశావా!" ఆ మొహంలో వెలుగు చూస్తే, నన్నే తూచి మురిసిపోతున్నట్టుండేది నాకు. బడి వంటింట్లో అందరికీ చెప్పుకున్నాను. ఆగస్టులో సెలవు చీటీ పట్టుకెళ్తే మా ప్రిన్సిపాల్ కళ్ళజోడు పైనుంచి చూసి, "వేటకి సెలవా? మీకా? డస్టిన్‌కి వంట చెయ్యడానికా?" అన్నాడు. ఫుట్‌బాల్ కోచ్‌ని ఎప్పుడూ అలా అడగలేదు. "నా పర్మిట్ సార్" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికే ఆ నెలంతా బతికినట్టనిపించింది.

తుపాకీ చేతికొచ్చింది. మొదటి గుండుకే భుజం ఊడిపోయిందనుకున్నాను. నాలుగో గుండుకి గురి చూసే స్కోపు అంచు వచ్చి కనుబొమ్మ మీద కొట్టింది, రక్తం కారింది. డస్టిన్ నవ్వాడు. "అందరికీ అవుతుంది. తేలికైన తుపాకీ తంతుంది మరి. అలవాటవుతుందిలే." ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే భుజం వంకాయ రంగులో ఉంది. అలవాటు చేసుకోవడం నాకు కొత్తా? మంగళవారాలు బడి అయ్యాక ఒక్కదాన్నే తుపాకుల క్లబ్బు మైదానానికి వెళ్ళేదాన్ని. యాభై పౌన్ల పిండిబస్తా వీపుసంచిలో వేసుకుని ఊరి వెనక కొండ ఎక్కి దిగేదాన్ని. వంటింట్లో ఆ బస్తాలు రోజూ నేనే మోస్తాను గనక అదేం పెద్ద విషయం కాలేదు. గుండు మాత్రం తగలాల్సిన చోట తగిలేది కాదు. పేలకముందే కళ్ళు మూసుకుపోయేవి. రాత్రి పడుకుంటే అదే బెంగ. ఇంత కష్టపడి చేశాడు, నేను గురి తప్పితే ఆయన మొహం ఎలా చూడాలి?

మైదానంలో ఆర్లిస్ అని ఒకావిడ ఉండేది. డెబ్భై దాటిన మనిషి. నలభై ఏళ్ళు తుపాకీ మడమలు చెక్కింది. ఒక మంగళవారం నా వెనక కుర్చీ వేసుకుని చూసి చూసి, "ఏమ్మాయ్, ఆ మెడ ఏంటి అలా కొంగలా సాగదీస్తున్నావ్?" అంది.

"స్కోపు అందటంలేదండీ."

తుపాకీ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "పని బాగుంది. చెయ్యి తిరిగినవాడే. ఎవరికోసం చేశాడు ఇది?"

"నాకోసమే. మా ఆయన చేశాడు."

ఆవిడ నా చేతుల వంక చూసింది, తుపాకీ వంక చూసింది. "నీ కొలత తీసుకున్నాడా?"

"ఆఁ, తీసుకున్నాడు. పన్నెండున్నర" అన్నాను ఒళ్ళు మండి. నా మొగుడి పనికి వంకపెడితే ఊరుకుంటానా?

"ఓహో" అని ఊరుకుంది ఆర్లిస్. ఆ ఓహో నాకు నచ్చలేదు. ఆ వారం ఆవిడతో మాట్లాడలేదు కూడా.

సెప్టెంబరు మొదటి ఆదివారం మా అత్తగారింట్లో భోజనాలు. తిన్నాక మగవాళ్ళు వరండాలోకి వెళ్ళారు, నేనూ అత్తా సింకు దగ్గర నిలబడ్డాం. ఆవిడ తోముతోంది, నేను తుడుస్తున్నాను. పళ్ళెం అందుకోబోతే భుజం కలుక్కుమని "అమ్మా" అన్నాను.

"ఏంటే అది?" అని చొక్కా మెడ పక్కకి లాగి చూసింది. "ఓసి పిచ్చిదానా! ఇంత కమిలిపోయేదాకా కాలుస్తున్నావా? ఎవరు కాల్చమన్నారు నిన్ను?"

"నేర్చుకోవాలి కదత్తయ్యా. నెలాఖరుకల్లా కొండెక్కాలి."

"నువ్వెందుక్కాలుస్తావే? పికప్‌లో కూర్చో. వాడు చూసుకుంటాడుగా." ఆవిడ గిన్నె మీది మాడు గీకుతూ మామూలుగానే అంటోంది. "అక్కడ చలి చంపేస్తుంది, ఒక దుప్పటి పట్టుకెళ్ళు. నేను ఊలు పట్టుకెళ్ళాను. డస్టిన్‌కి ఒక స్వెట్టరు పూర్తయింది ఆ రెండ్రోజుల్లో. మధ్యాహ్నం పొట్టేల్ని కొట్టుకొచ్చి, పర్మిట్ మీద సంతకం పెట్టు అన్నారు మీ మావగారు, పెట్టాను. ఫోటోకి కొమ్ములు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. అంతే. మరి ఆడవాళ్ళ పేర్లు ఏటా ఎందుకు పెడతారనుకున్నావ్?"

హాల్లో గోడ మీద పొట్టేలు తల కనిపిస్తూనే ఉంది అక్కడ్నుంచి. "లవర్న్, 1988." పద్దెనిమిదేళ్ళు దానికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"మీకేం అనిపించలేదా అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ చేతులు సబ్బునీళ్ళలో ఆగిపోయాయి. "ఏమనిపించాలే?" అంది. "స్వెట్టరు బాగా కుదిరింది" అంది. తర్వాత ఆవిడ నా వంక చూడలేదు.

ఇంటికొచ్చాను. డస్టిన్ ఇంకా అక్కడే ఉన్నాడు, తలనొప్పని చెప్పి ముందే వచ్చేశాను. సొరుగు తీశాను. టేపుకి ఆ రోజు అంటిన పిండి ఒకచోట ఎండిపోయి ఇంకా ఉంది. గరాజులోకి వెళ్ళి తుపాకీ బల్ల మీద పెట్టి, ట్రిగ్గర్ దగ్గర్నుంచి మడమ చివరిదాకా కొలిచాను. పట్టేవాళ్ళ చేతికి సరిపోవాల్సింది ఆ దూరమే. పదమూడుంపావు కూడా కాదు, పదమూడూ ముప్పావు. తప్పు కొలిచానేమోనని మళ్ళీ కొలిచాను. తర్వాత గోడకి తగిలించిన ఆయన పాత తుపాకీ దింపి కొలిచాను. పదమూడూ ముప్పావు. వెంట్రుకవాసి తేడా లేదు. ఒక పౌను బరువు ఎక్కడ తగ్గించాలా అని బోల్టుకి కన్నాలు వేసిన మనిషి, అంగుళంపావు పొరపాటు పడతాడా? పొట్టేలు కోసం ఏటవాలు కొండ మీద రోజంతా మోసుకు తిరగడానికి తేలికైన తుపాకీ కావాలి. అది ఆయనకి కావాలి. ఆయన భుజానికి, ఆయన మెడకి, దెబ్బకి తట్టుకునే ఆయన ఒంటికి. నాకు పరీక్షలో తొంభై ఎనిమిది వచ్చిన క్లాసులో మొదటిరోజే చెప్పారు, ఒకరి పర్మిట్ మీద ఇంకొకరు కాల్చడం నేరమని. వాంతులు చేసుకుంటూ వెళ్ళింది అందుకా? నన్ను వేటకి తీసుకెళ్ళడానికి కాదు, నా పేరుకొక లైసెన్సు తయారుచేసుకోవడానికి. బ్రిన్ పుట్టకముందునుంచే నన్ను పాయింట్లుగా దాచిపెట్టుకున్నాడు. అక్కడే బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయాను.

మర్నాడు సాయంత్రం అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగాను. "కొండ మీద ఎవరు కాలుస్తారు డస్టిన్?"

"మనం" అన్నాడు ఫోనులోంచి తల ఎత్తకుండా.

"తుపాకీకి రెండు ట్రిగ్గర్లు పెట్టావా?"

అప్పుడు ఎత్తాడు తల. "అమ్మ వాగిందా? చూడు కెండ్రా, ప్రాక్టికల్‌గా ఆలోచించు. ఒకటే అవకాశం. దొరికితే ఒక్క గుండు. నువ్వు కళ్ళు మూసుకుని కాలుస్తావు. తప్పిందనుకో, జన్మంతా ఎదురుచూసింది గాలికి పోతుంది."

"ఎవరి జన్మ?"

"అబ్బ, మొదలుపెట్టకు. పలక మీద నీ పేరే ఉంటుంది కదా. ఇంకేం కావాలి?"

"పట్టుబడితే కేసు మీద కూడా నా పేరే ఉంటుంది."

"ఎవడు చూస్తాడు అక్కడ? అమ్మ విషయంలో ఎవడన్నా చూశాడా?"

నేను అడగాలనుకున్నది అది కాదు. "మరి నా చెయ్యెందుకు కొలిచావు?" అన్నాను.

ఆయన చెంచా కింద పెట్టాడు. నిజంగానే ఆలోచించాడు, ఆ ముక్క నేను ఒప్పుకుంటాను. "నువ్వు సంతోషపడ్డావు కదా" అన్నాడు.

అబద్ధం చెప్పినా బాగుండేది. ఏదో లెక్క తప్పిందనో, ఆ సైజు దొరకలేదనో అన్నా, నమ్మేసి ఇంకో పద్దెనిమిదేళ్ళు గడిపేసేదాన్నేమో. పసిపిల్ల చేతిలో గిలక పెట్టినట్టు నా చేతిలో ఒక కొలత పెట్టాడు. ఆ పెన్సిలు గీతని రెండు నెలలు వంట చేస్తూ చూసుకుని మురిసిపోయాను. క్యాలెండర్లో నెల మారినా ఆ కాగితం చింపలేదు, వెనక్కి మడిచి పెట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను ఆ క్షణం, ఆయన చేసినదానికి కాదు, నేను మురిసినదానికి. "నువ్వు గొడవ చేసే రకం కాదు, అది నాకు తెలుసు" అన్నాడు మళ్ళీ చెంచా తీసుకుంటూ. ఉప్పు అందించమన్నాడు. అందించాను.

మంగళవారం తుపాకీ పట్టుకుని ఆర్లిస్ ఇంటికి వెళ్ళాను. ఏమీ చెప్పకుండా టేపు, తుపాకీ రెండూ ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ ఓహో అనలేదు ఈసారి.

"కోసేస్తే మీ ఆయనకి ఇంక పనికిరాదు" అంది. "తెలిసే వచ్చావా?"

"నా కొలతకి కొయ్యండి" అన్నాను.

రంపం చప్పుడు నిమిషం కూడా లేదు. రెండంగుళాల ముక్క తెగి నేల మీద పడింది. ఆవిడ చివర్న మెత్తటి రబ్బరు పట్టీ పెట్టి, దాంతో కలిపి పన్నెండున్నర వచ్చేట్టు చూసింది. స్కోపు వెనక్కి జరిపింది. మందు తక్కువ పట్టించిన గుళ్ళు ఒక పెట్టె ఇచ్చి, "దూరం కొట్టకు. నువ్వే దాని దగ్గరికి నడువు" అంది. మర్నాటి సాయంత్రం మైదానంలో భుజానికి పెట్టుకుంటే స్కోపు దానంతటదే కంటికి ఎదురొచ్చింది. మెడ సాగదీయలేదు. కళ్ళు మూసుకోలేదు. పది గుళ్ళలో తొమ్మిది నా అరచేతి వెడల్పులో పడ్డాయి. ఆ పదోదానికి నేను ఏడుస్తున్నాను, అందుకని పోయింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తుపాకీ పెట్టెలో పెట్టి మూశాను. రొట్టెలు చేశాను, బట్టలు ఉతికాను. డస్టిన్ పర్సులో ఉన్న నా పర్మిట్, ప్యాంటు ఉతికేటప్పుడు తీసి నా జేబులో పెట్టుకున్నాను.

బయల్దేరే రోజు మధ్యాహ్నం పికప్ వాకిట్లో ఉంది. డేరా, స్టవ్వు, నీళ్ళడబ్బాలు ఎక్కించాక డస్టిన్ పెట్టె తెరిచాడు. తుపాకీ తీసి, ముద్దుగా ఒకసారి తుడిచి, కొండవైపు తిరిగి భుజానికి పెట్టుకున్నాడు. బొటనవేలు వెళ్ళి ముక్కుకి తగిలింది. దింపి, మళ్ళీ పెట్టుకున్నాడు. మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలీక అటూ ఇటూ కదిపాడు. తిప్పి చివర చూశాడు.

"ఏం చేశావ్ దీన్ని?"

"నా కొలతకి కోయించాను. నువ్వే రాశావు కదా, క్యాలెండర్ మీద ఉంది."

"నీకేమన్నా పిచ్చా? రెండు నెలలు చేశాను దీన్ని!"

"అవును. నాకోసం."

"సరే, పోనీ, నా పాతది తెస్తాను" అని గరాజువైపు నడిచాడు.

"తెచ్చుకో" అన్నాను. "దేంతో కాల్చినా పర్మిట్ కావాలి. అది నా జేబులో ఉంది. నేను కొట్టని పొట్టేలుకి నేను సంతకం పెట్టను. మీ అమ్మ పెట్టింది చాలు."

ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు, ఎవరింటికో పొరపాటున వచ్చినట్టు. "నువ్వు తప్పితే?" అన్నాడు.

"తప్పుతాను. ఇంటికొచ్చి అన్నం వండుకుంటాను."

తుపాకీ ఆయన చేతుల్లోంచి తీసుకున్నాను. ఇచ్చేశాడు, పట్టుకుని ఉండటానికి ఆయనకి ఎటూ కుదరడంలేదు. పెట్టెలో సర్ది, పికప్ తాళాలు తీసుకుని, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి దాని డ్రైవర్ సీట్లో నేను ఎక్కాను. పక్క తలుపు లోపల్నుంచి తెరిచి పట్టుకున్నాను. అక్కడ సీటు మీద, ఉదయం వెళ్ళి మా అత్తనడిగి తెచ్చిన సంచి ఉంది. ఎందుకని ఆవిడ అడగలేదు. లోపలికెళ్ళి తెచ్చి చేతిలో పెట్టింది, అంతే.

"వస్తే రా" అన్నాను. "మాంసం మొయ్యడానికి ఒక మనిషి కావాలి. అందాకా పికప్‌లోనే కూర్చోవాలి మరి. పొద్దుపోదేమోనని మీ అమ్మ ఊలూ, సూదులూ ఇచ్చింది."